డ్యూటీకి లేటు, ఇంట్లో గొడవ: వాలంటీర్ ఫైర్‌ఫైటింగ్ మానేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని, మూడేళ్లుగా దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌లో వాలంటీర్‌గా కూడా చేస్తున్నా. రాత్రి కాల్ వస్తే వెళ్తాను, పొద్దున డ్యూటీకి లేటవుతుంది. ఒక్కోసారి షిఫ్ట్ మధ్యలోనే పేజర్ మోగితే తోటి సూపర్‌వైజర్‌కి చెప్పేసి పరిగెడతాను. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు, ఇప్పుడేమో మేనేజర్ వార్నింగ్ లెటర్ చేతిలో పెట్టాడు, నా పని చూసుకునే అతను మాటలు తగ్గించాడు. మా ఆవిడైతే "ఊరందరికీ నువ్వు కావాలి, మాకు మాత్రం నిద్రపోయే మనిషి మిగులుతాడు" అంటోంది. చేసేది మంచి పనే కదా, ఎవరికీ ఎందుకు అర్థం కావట్లేదు? మానేయాలా?

జవాబు: మంచి పనే, అందులో డౌట్ లేదు. కానీ మీరు రాసినదంతా చదివితే పేజర్ మోగాక చెప్పి వెళ్లడమే ఉంది, మోగకముందు ఎవరితోనైనా కూర్చుని మాట్లాడినట్టు ఎక్కడా లేదు. మేనేజర్‌తో లేదు, ఆ తోటి అతనితో లేదు, మీ ఆవిడతోనూ లేదు. మంచి పని కదా అని అందరూ వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారనుకున్నారు, కొన్నాళ్లు సర్దుకున్నారు కూడా, ఇప్పుడు ఓపిక అయిపోయింది.

ముందు మేనేజర్ సంగతి. ఆయన బాధల్లా మీరు ఎప్పుడు మాయమవుతారో తెలియకపోవడం. నెలకి ఎన్ని కాల్స్ వస్తున్నాయి, ఏ టైముల్లో వస్తున్నాయి, వెళ్తే ఎంతసేపు పడుతోంది, ఇవన్నీ స్టేషన్ రికార్డులో ఉంటాయి కదా, మీ ఆఫీసర్‌ని అడిగి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. వెళ్లి సపోర్ట్ కావాలి సార్ అని ఊరికే అడగొద్దు, లెక్కతో అడగండి. షిఫ్ట్‌లో ఉన్నప్పుడు మనుషుల ప్రాణాలకి ప్రమాదం ఉందన్న కాల్స్‌కి మాత్రమే వెళ్తాను, ఆటోమేటిక్ అలారాలకి వెళ్లను (వాటిలో చాలావరకు ఉత్తివే అని మీకు నాకంటే బాగా తెలుసు), లోడింగ్ టైములో అసలు పేజర్ ఆఫ్, ఫ్లోర్ మీద ఇంకో సూపర్‌వైజర్ లేకపోతే కదలను, ఇలా. రాత్రంతా మంటల దగ్గర ఉంటే మర్నాడు ఎన్ని గంటలు లేటుగా రావచ్చు, అది మళ్లీ ఎప్పుడు పూడుస్తారు అన్నది కూడా రాతలో పెట్టించుకోండి. వెళ్లిన ప్రతిసారీ స్టేషన్ నుంచి ఒక లెటర్ ఇస్తే హెచ్‌ఆర్ వాళ్లకీ నోరు మూతపడుతుంది.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు, రూల్స్ మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 2009 నాటి ఫెయిర్ వర్క్ చట్టం కింద ఇలాంటి ఎమర్జెన్సీ పనికి లీవ్ ఇవ్వాల్సిందే, జీతం రాదు గానీ ఇన్ని రోజులే అని గీత లేదు, వెళ్లొచ్చే టైమూ తర్వాత తగినంత రెస్టూ కూడా అందులోకే వస్తాయి. అయితే వీలైనంత త్వరగా కంపెనీకి కబురు చెప్పాలి, ప్రూఫ్ అడిగితే చూపించాలి. జర్మనీలో అయితే కాల్‌కి వెళ్లిన టైముకి కంపెనీ జీతం కట్ చేయకూడదు, ఆ డబ్బు ప్రైవేటు కంపెనీలు మున్సిపాలిటీ నుంచి రాబట్టుకోవచ్చు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో ఎమర్జెన్సీకి వెళ్లాడని వాలంటీర్‌ని ఉద్యోగంలోంచి తీయడం కుదరదు, 50 మంది, అంతకు మించి ఉన్న కంపెనీల్లో ట్రైనింగ్ కోసం ఏడాదికి 14 రోజుల దాకా సెలవు కూడా ఉంది. మీ దగ్గర ఏముందో స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి, ఆ వార్నింగ్ లెటర్‌కి జవాబు రాసే ముందే. కానీ చట్టం ఉంది కదా అని మొదటి మాటే అది ఎత్తితే మేనేజర్ బిగుసుకుపోతాడు, అది జేబులో ఉండనివ్వండి.

ఒక్క విషయంలో మాత్రం నేను మేనేజర్ వైపే. నిద్ర లేకుండా డ్యూటీకి రావడం. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మీ చుట్టూ ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతుంటాయి. టైముకి వచ్చేశాను కదా అని మీరు గర్వపడిన రోజులే ఎక్కువ ప్రమాదం.

ఇక ఆ తోటి సూపర్‌వైజర్. నిజం చెప్పాలంటే మేనేజర్ కంటే మీరు ఈయనకే ఎక్కువ బాకీ ఉన్నారు. మంట ఆర్పొచ్చిన వాళ్లకి చప్పట్లు కొడతారు, మీ షిఫ్ట్ కూడా నెత్తినేసుకుని రెండు ఫ్లోర్ల మధ్య పరిగెత్తినాయన్ని ఎవరు పట్టించుకున్నారు? పైగా ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయన ఒప్పుకోనూ లేదు, పాపం అలా మీదపడింది. పక్కకి పిలిచి ఏమన్నా కోపమా అని అడగకండి, కోపమే. ఆయన వద్దనుకునే షిఫ్ట్‌లు, పండగ రోజువో ఆదివారానివో, నేను చేస్తానని మీరే చెప్పండి, మీటింగ్‌లో ఆయన పేరు ఎత్తి మేనేజర్ ముందే థ్యాంక్స్ చెప్పండి. అయినా కవర్ చేయనంటే అది ఆయన హక్కు, ఆ రోజు మీరు వెళ్లొద్దు.

మీ ఆవిడ మాటలో మీకు దెప్పిపొడుపు వినిపించింది, నాకు భయం వినిపిస్తోంది. రాత్రి రెండింటికి పేజర్ మోగితే మీతో పాటు ఆవిడా లేస్తారు కదా, మీరు బండెక్కి వెళ్లిపోతారు, అక్కడ మీకు చేతినిండా పని, ఆవిడ మాత్రం పైకప్పు చూస్తూ పడుకుంటారు. "మంట ఆరింది, బాగానే ఉన్నా, ఇంకో గంట పడుతుంది" అని ఒక మెసేజ్ పెట్టడానికి ఎంతసేపు? వారంలో రెండు రాత్రులు పేజర్ ఉండదని స్టేషన్‌లో చెప్పేయండి, ఆ రెండూ ఏవో ఆవిడనే ఎంచుకోనివ్వండి. ఇంకోటి, ఫైర్‌ఫైటర్ల పని క్యాన్సర్ కారకమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది, కాబట్టి మసి పట్టిన గేర్ కార్లో వేసుకుని ఇంటికి తేవద్దు, స్టేషన్‌లోనే ఉతికించి, స్నానం చేసి రండి. ఆవిడకి ఆ పొగ వాసన పడకపోతే అది చాదస్తం కాదు, దానికి కారణం ఉంది.

మానేయమని నేను చెప్పను, మానొద్దనీ చెప్పను. ముందు ఒక మూడు నెలలు కాల్స్ తగ్గించుకుని చూడండి. స్టేషన్‌లో మంటల్లోకి దూరేవాళ్లే కాదు కదా కావాల్సింది, పరికరాలు చెక్ చేయాలి, కొత్తవాళ్లకి డ్రిల్ నేర్పాలి, స్కూళ్లకి వెళ్లి పిల్లలకి చెప్పాలి. ఇవి శనివారం పొద్దున కూడా చేసుకోవచ్చు. ఆ మూడు నెలల్లో ఆఫీసులో రాతపూర్వకంగా ఒప్పందం కుదిరితే మళ్లీ కాల్స్ పెంచుకోండి. మేనేజర్ ససేమిరా అంటే ఈ ఉద్యోగం ఉన్నన్నాళ్లు శనివారం పనులకే ఉండండి, లేదా ఈ కంపెనీ వదిలేసి కాల్స్‌కి వెళ్లడానికి వీలయ్యే షిఫ్ట్ ఇంకోచోట వెతుక్కోండి. ఏది చేసినా ఆవిడతో మాట్లాడాకే.