రై విస్కీ మీద తలో మాట: చిన్నాకి మావయ్య ఉత్తరం

చిన్నా,

మొన్న ఫోన్‌లో నీ గొంతులో టెన్షన్ వినిపించింది. శనివారం మీ ఇంటికి ఆరుగురు వస్తున్నారు, కెనడియన్ రై పోద్దామనుకున్నావు, సలహా అడిగితే తలో మాటా అన్నారు. ఒకడు "రంగు కలిపిన వోడ్కా" అన్నాడు. ఇంకొకడు లాట్ 40 అనే కెనడియన్ రై రుచి చూశాక స్కాచ్ వైపు చూడటం మానేశానన్నాడు. అమెరికా నుంచి వచ్చిన మీ టీమ్ లీడ్ అయితే దాన్ని రై అనడమే తప్పన్నాడు. ఎవరి మాట నమ్మాలి మావయ్యా అని అడిగావు. ముప్పై ఏళ్ళుగా కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని విండ్సర్‌లో ఉంటున్నాను, ఈ వాదన వినకుండా ఒక్క చలికాలం కూడా గడవలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదురా. వాళ్ళ గ్లాసుల్లో ఉన్న సరుకే వేరు. ఎవరైనా కెనడియన్ రై బాగుంటుందనో బాగుండదనో అంటే ముందు రెండు ప్రశ్నలు అడుగు. ఏ సీసా? దేంతో కలుపుకుని తాగావు? జవాబు చెప్పలేకపోతే ఆ మాట పట్టించుకోనక్కర్లేదు.

ముందు పేరు సంగతి. రై అంటే మన రాగి కాదు, హిందీవాళ్ళు ఆవాలను అనే రాయీ కాదు. గోధుమకు చుట్టం లాంటి గింజ. శరదృతువులో విత్తితే మంచు కింద బతికి వసంతంలో లేస్తుంది. కెనడా చట్టంలో "కెనడియన్ విస్కీ", "కెనడియన్ రై విస్కీ", "రై విస్కీ" మూడింటికీ ఒకటే అర్థం. గింజలు ఉడికించడం, కాచడం, నిల్వ చెయ్యడం అన్నీ ఇక్కడే జరగాలి. 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్ళు ఉండాలి. సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. రై గింజ ఇంత ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. అమెరికాలో అలా కాదు, రై అని రాయాలంటే గింజల్లో కనీసం 51 శాతం రై ఉండి తీరాలి, పీపా కూడా లోపల కాల్చిన కొత్త ఓక్‌ది కావాలి. మీ టీమ్ లీడ్ ఆ ఘాటుకు అలవాటుపడిన మనిషి. ఇక్కడి మెత్తని సీసా తెరిచి మోసపోయాననుకున్నాడు.

మరి ఆ పేరెందుకంటావా? 19వ శతాబ్దంలో ఇక్కడి పిండి మిల్లుల వాళ్ళు ఎక్కువగా గోధుమతో విస్కీ కాచేవారు. జర్మన్, డచ్ వలసదారుల అలవాటు చూసి అందులో కొంచెం రై కలిపారు. ఆ కొంచానికే రుచి మారింది, జనం "రై" పొయ్యమని అడగడం మొదలుపెట్టారు. చారులో ఇంగువ చిటికెడే, అయినా మనం దాన్ని ఇంగువ చారంటాం కదా.

కాచే పద్ధతి తెలిస్తే మిగతా సగం గొడవ కూడా అర్థమవుతుంది. అమెరికావాళ్ళ మొక్కజొన్న విస్కీ బర్బన్‌కి గింజలన్నీ మొదట్లోనే కలిపి పులియబెడతారు, కిచిడీ వండినట్టు. కెనడాలో ఎక్కువమంది పద్ధతి అన్నం వేరు, పులుసు వేరు. మొక్కజొన్నతో, ఆల్కహాల్ శాతం బాగా ఎక్కువయ్యేదాకా కాచిన తేలికపాటి విస్కీ అన్నం లాంటిది. తక్కువ శాతానికే కాచిన, రుచి నిండుగా ఉన్న రై విస్కీ పులుసు. రెండూ వేరువేరు పీపాల్లో ఊరాక ఆఖర్న కలుపుతారు. పులుసు తక్కువైన సీసా తాగినవాడు వోడ్కా అనడంలో ఆశ్చర్యం లేదు. లాట్ 40లో అన్నమే లేదు, మొత్తం 100 శాతం రై. అది మా ఊళ్ళోనే, 1858లో పెట్టిన హైరమ్ వాకర్ డిస్టిలరీలో తయారవుతుంది. ఆ వైపు నడిచి వెళ్తే ఒక్కోరోజు పులిసిన పిండి వాసన వస్తుంది, నాకది చాలా ఇష్టం.

ఇంకో ఫిర్యాదు కూడా వింటావు. సీసాలో 11వ వంతు దాకా, అంటే 9.09 శాతం వరకు, వైన్ లాంటివి కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. కొందరికి ఇది ఒళ్ళు మండే విషయం. కాస్త షెర్రీ అనే వైన్ కలిపితే నాకేం అభ్యంతరం లేదు, కలిపిన సంగతి లేబుల్ మీద చెప్పకపోతే మాత్రం తప్పంటాను.

పేరున్నవాళ్ళ తీర్పులు విని కూడా కంగారుపడకు. 2015లో జిమ్ ముర్రే అనే విమర్శకుడు క్రౌన్ రాయల్ నార్తర్న్ హార్వెస్ట్ రైని ప్రపంచంలోకెల్లా గొప్ప విస్కీ అన్నాడు. మానిటోబాలోని గిమ్లీలో తయారయ్యే సీసా అది, అందులో 90 శాతం రై. షాపుల్లో సరుకు ఖాళీ అయిపోయింది, మరోపక్క "దీనికా అంత పేరు" అని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. 2020లో ఆల్బర్టా ప్రీమియమ్ క్యాస్క్ స్ట్రెంత్‌కి అదే కిరీటం పెట్టాడు. దాన్ని చేసే క్యాల్గరీ డిస్టిలరీ 1946 నాటిది. రై పిండి ఉడికితే జిగురుగా సాగుతుంది, కాచడం కష్టం, ఆ కష్టాన్ని ఇష్టంగా పడేవాళ్ళు వాళ్ళు. అమెరికాలో విజిల్‌పిగ్ అనే లేబుల్‌తో 10 ఏళ్ళ రై వస్తే మెచ్చుకోనివాళ్ళు లేరు. లోపలున్నది క్యాల్గరీ నుంచి వెళ్ళిన సరుకే. లేబుల్ నాలుకను ఎంత నడిపిస్తుందో అప్పుడు చూశాను.

అందుకే శనివారం మూడు సీసాలు తెచ్చి కాగితం చుట్టేసెయ్. కెనడియన్ క్లబ్ లాంటి మామూలుది ఒకటి, నార్తర్న్ హార్వెస్ట్ ఒకటి, లాట్ 40 ఒకటి. తేలికది ముందు, ఘాటుది ఆఖర్న. ఒక్కోటి 15 మిల్లీలీటర్లు చాలు. మొదట ఉత్తదే, తర్వాత నాలుగు చుక్కల నీళ్ళతో. మాట్లాడుకోకముందే తలో చీటీ మీద తోచింది రాయమను, లేకపోతే గట్టి గొంతున్నవాడి మాటే అందరి మాట అయిపోతుంది. మన మాటల్లోనే రాయమను. లవంగం, మిరియం, శొంఠి, బెల్లం పాకం, ఏదైనా పర్వాలేదు. కారం మిక్చర్, చికెన్ పకోడీ తర్వాత తియ్యి, ముందే పెడితే నాలుక మొద్దుబారుతుంది. వేయించిన పల్లీలు పెట్టు.

చివర్లో మామూలు సీసాను అల్లం సోడాతో, ఇక్కడివాళ్ళ జింజర్ ఎయిల్‌తో కలిపి పొయ్యి. ఇది మాత్రం మరిచిపోకు. నేను వచ్చిన కొత్తలో నాతో పనిచేసే ఒక పెద్దాయన ఇంటికి పిలిచి అలా కలిపి ఇచ్చాడు. స్కాచ్ ముందు ఇదేం పనికొస్తుంది అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. సస్కాచెవాన్‌లో వాళ్ళ నాన్న రై పండించేవాడట, కోతలయ్యాక ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ కూర్చుని తాగేది అదేనట. ఆ సంగతి ఇంకొకరు చెబితే తెలిసింది. క్షమించమని అడిగేలోపు ఆయన ఉద్యోగం మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. ఇవాళ్టికీ బాధగా ఉంటుంది. కలుపుకుని తాగేవాణ్ణి ఎవరూ చిన్నబుచ్చకుండా చూడు. అసలు తాగనివాడికి ఆ జింజర్ ఎయిలే నిమ్మచెక్కతో ఇవ్వు, బలవంతం చెయ్యకు.

ఇక్కడ ఒక డ్రింక్ అంటే 43 మిల్లీలీటర్లు, మన పెద్ద పెగ్గు 60. ఆ లెక్కలో చాలామంది పొరపాటు పడతారు. ఒంటారియోలో జీ2 లైసెన్సు, అంటే కొత్త డ్రైవర్లకిచ్చే లైసెన్సు, ఉన్నవాడు ఒక్క చుక్క కూడా తాగి బండి నడపకూడదు. కార్ల తాళాలు ముందే తీసుకో, ఇద్దరికి పడుకోవడానికి చోటు చూడు.

చీటీలు పారెయ్యకు, ఫోటోలు తీసి పంపు. ఎవరికి ఏ సీసా నచ్చిందో చూడాలని నాకూ ఉంది, ముఖ్యంగా ఆ వోడ్కా అన్నవాడిది.

మీ మావయ్య