కూర గిల్లడమా, వండడమా?

సందేహం: మాది వరంగల్. పెళ్లయ్యాక కందుకూరు వచ్చాను. దీపావళి వానలకి పెరడంతా ఏవేవో మొలిచాయి. అత్తయ్యగారు "దొడ్లో కాస్త కూర గిల్లుకు రామ్మా" అన్నారు. కూర అంటే వండింది కదా, గిల్లడమేమిటి? అప్పటికే కలుపని సగం పీకి పారేశాను. "తినేదాన్ని కలుపంటావేంటి?" అని ఆవిడ కోప్పడ్డారు. మేం గంగవాయిలి అనేదాన్ని ఇక్కడ పాయలకూర అంటున్నారు. ఏది సరైన మాట?

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మాటే పాతది. వినాయక చవితికి మీ వైపు తుమ్మికూర తెమ్మంటారు కదా. అంటే పొలం గట్టుకు పోయి ఆకు కోసుకు రమ్మనే గానీ, ఎవరింట్లోనో వండింది గిన్నెలో పట్టుకు రమ్మని కాదు. తోటకూర, చుక్కకూర, పొన్నగంటికూర ఇంకా పచ్చిగా కట్టలో ఉండగానే కూరలు. వంకాయ అలా కాదు, పొయ్యెక్కితేగానీ కూర కాదు. తినే ఆకుకు ఉన్న పేరే వండిన పదార్థానికీ వచ్చిందని నా అభిప్రాయం. 'కూరగాయలు' అన్న మాట చూడండి. కూరలూ కాయలూ అని ద్వంద్వ సమాసం. కాయలో 'క' 'గ' అయింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి గసడదవాదేశానికి, అంటే రెండో మాట మొదట ఉన్న క చ ట త ప లు గ స డ ద వ లు కావడానికి, ఇచ్చిన ఉదాహరణల్లో ఇదీ ఉంది. కూరంటే వండిందే అయితే దాని పక్కన పచ్చికాయకు చోటెక్కడిది?

కందుకూరిని 1970లో నెల్లూరు నుంచి తీసి ప్రకాశంలో కలిపారు, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. మీ అత్తగారి దొడ్లో మాత్రం కూర కూరగానే ఉంది.

ఇక కలుపు. పైరులో కలిసి మొలుస్తుంది కాబట్టి కలుపు అయిందని చాలామంది చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ పక్క భాషలు ఒప్పుకోవు. ఈ కలుపును తమిళులు 'కళై' అంటారు, కన్నడిగులు 'కళె' అంటారు. రెండింటిలోనూ ళ ఉంది. అదే కలపడానికి వస్తే తమిళంలో 'కలందు', కన్నడంలో 'కలసు'. రెండింటిలోనూ ల ఉంది. అంటే అక్కడ ఇవి వేరు వేరు మాటలు. మన దగ్గర ఇలాంటి ళ చాలాచోట్ల ల అయిపోయింది. తమిళుల 'కళ్' మనకు కల్లు, వాళ్ల 'ముళ్' మనకు ముల్లు. అలా కలుపు మొక్కా, చారులో అన్నం కలుపుకోవడమూ మన నోట్లో ఒకేలా పలుకుతున్నాయి. అందుకని కలుపనడం తప్పేమీ కాదు. రైతుకు పైరు తిండిని పంచుకునే ప్రతిదీ కలుపే. కాకపోతే అత్తగారు మాట్లాడింది వంటింటి తెలుగు, మీరు మాట్లాడింది మిరపతోట తెలుగు. గలిజేరు ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. పొలంలో అయితే పీకి గట్టున పడేస్తారు, ఇంట్లో అయితే పప్పులో వేస్తారు. అన్నట్టు ఎర్ర గలిజేరుకు అటికమామిడి అని ఇంకో పేరుంది. మామిడికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. సంస్కృతం వాళ్లు పెట్టిన 'పునర్నవ' అన్న పేరు దానికి బాగా అతికింది. ఎండలకు పైన మాడిపోయినా వాన పడగానే వేరు నుంచి మళ్లీ కొత్తగా లేస్తుంది.

గంగవాయిలి, పాయలకూర రెండూ సరైనవే. పాయలు పాయలుగా పాకుతుంది కాబట్టి పాయలకూర అనుకుంటారు గానీ పాత రూపం 'పావిలి'. అది నలిగి పాయిలి, పాయల అయింది. ముందు గంగ చేరినచోట 'ప' 'వ' అయి గంగవావిలి, ఆపైన గంగవాయిలి. కూరగాయల్లో జరిగిందే ఇక్కడా జరిగిందన్నమాట. ఇలాంటి మొక్కల పేర్లకు కథలు అల్లడం మనకు సరదా. పొన్నగంటిని 'పోయిన కంటి కూర' అని మనం అంటే, తమిళులు అదే పేరును విడదీసి, 'పొన్' అంటే బంగారం కాబట్టి, తింటే ఒళ్లు బంగారమవుతుందని చెప్పుకుంటారు. ఒకే ఆకు, ఆ పక్కన బంగారం, ఈ పక్కన కళ్లు! కథలుగా రెండూ బాగున్నాయి, వ్యుత్పత్తులుగా రెండింటినీ నేను నమ్మను.

మీ రెండో ఉత్తరంలో, ఈసారి మీరే గిల్లి కందిపప్పు, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు వేసి వండుతానన్నారు. పాయలకూరలో పులుపు ఉంటుంది కాబట్టి చింతపండు చూసి వెయ్యండి. ఉడికాక పప్పుగుత్తితో 'ఎనపమని' అత్తగారు అంటే కంగారు పడకండి, మెదపమనే. గిల్లేటప్పుడు మాత్రం ఒకటి గమనించండి. పాయలకూర పక్కనే నేలకు అంటుకుని నానబాలు కూడా పాకుతుంది. కొత్తవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. పాయలకూర ఆకు మందంగా, నీరు పట్టి, నున్నగా ఉంటుంది. నానబాలు ఆకు పలచన. అనుమానం వస్తే కాడ తుంచండి. తెల్లగా పాలు కారితే కూరలోకి వద్దు. నానబాలులో 'బాలు' అంటే ఆ పాలే.