చైనా పాత గట్టికర్ర కుర్చీలు: ఏది ఏ రకమో ఎలా గుర్తుపట్టాలి?

చైనా పాతకాలపు చేతుల కుర్చీలు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయనీ, ఏది ఏ రకమో ఎలా తెలుసుకోవాలనీ అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు షాంఘైలో ఉన్నప్పుడు అక్కడి మ్యూజియంలోని మింగ్ (1368–1644), చింగ్ రాజవంశాల కాలపు కుర్చీల ముందు చాలా ఆదివారాలు గడిపాను కనుక, నాకు అలవాటైన పద్ధతి చెబుతాను.

ముందుగా వీపు పైనున్న అడ్డకర్రను చూడండి. అది రెండు పక్కలా వంపు తిరిగి, కిందికి జారి, అదే చేతులుగా మారితే ఆ కుర్చీ చ్యువాన్‌యీ. గుర్రపు నాడాలాంటి ఆ వంపు ఒకే కర్ర కాదు. మూడు లేదా ఐదు ముక్కల చివరలను ఒకదానిపై ఒకటి కూర్చి, నడుమ చిన్న కర్ర చీల దిగగొట్టి బిగిస్తారు. అతుకు మీద వేలు పెట్టి రాసినా తెలియనంత నునుపుగా ఉంటేనే అది మంచి పనితనం. అడ్డకర్ర, చేతులు వేరువేరుగా ఉంటే గ్వాన్‌మావొయీ, అంటే అధికారి టోపీ కుర్చీ. దీనిలో నాలుగు కొనలు బయటికి పొడుచుకు వచ్చినది ఒక రకం, కొనలు నిలువు కర్రలలోనే ముగిసిపోయే ‘దక్షిణాది’ది మరో రకం, నాకు ఈ రెండోదే ఇష్టం. వీపు బాగా పొట్టిగా ఉన్నది మెయ్‌గ్వెయ్‌యీ.

కర్రలలో హైనాన్ దీవి హువాంగ్‌హువాలికి, జితాన్‌కు విలువ ఎక్కువ. జితాన్ అంటే మన ఎర్రచందనమే! కడప వాడినైన నాకు ఆ నల్లని ఊదా రంగు కర్ర మన కొండల చెట్టుదేనని నమ్మడానికి కొంత సమయం పట్టింది.

ఇక అసలు పరీక్ష కింద ఉంది. ఈ కుర్చీలలో వెనుక కాళ్లు కూర్చునే చట్రం గుండా పైకి సాగి, అవే వీపు నిలువు కర్రలవుతాయి. కుసులు (కర్ర చివర చెక్కిన నాలుకలు), అవి దూరే బెజ్జాలే తప్ప మేకులతో పని ఉండదు. కాళ్ల మధ్య అడ్డకర్రలు సాధారణంగా ముందు తక్కువ ఎత్తులో, పక్కల కాస్త పైన, వెనుక ఇంకా పైన ఉంటాయి. ‘మెట్టుమెట్టుగా పైకి’ అని దాన్ని శుభసూచకంగా చెబుతారు కానీ, బెజ్జాలన్నీ ఒకే ఎత్తులో పడి కాలు బలహీనపడకుండా ఉండటానికీ అది పనికొస్తుంది.

ఈ సంగతులేవీ తెలియక ముందు, పాత సామాన్ల సంతలో మూడు వందల ఏళ్లనాటిదని చెప్పగానే నమ్మి, ఒక చ్యువాన్‌యీ కొన్నాను. ఇంటికి తెచ్చి బోర్లించి చూస్తే, నిలువు కర్రలు చట్రం పైననే మొదలయ్యాయి, పేము అల్లిక అంచున రెండు ఇనుప మేకుల తలలు మెరుస్తున్నాయి. కొనేముందే బోర్లించి చూపమని అడగండి.