స్క్రీన్ మీద 0.6 మి.మీ., ఫాంటమ్‌లో 3 మి.మీ.: సర్జికల్ నావిగేషన్‌లో ఈ తేడా ఎక్కడ నుంచి వస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వెన్నెముకలో స్క్రూలు బిగించే శస్త్రచికిత్స కోసం ఆప్టికల్ ట్రాకర్ (మార్కర్లు ఎక్కడున్నాయో కెమెరాతో కొలిచే పరికరం), ఆరు కీళ్ల రోబో చేయి, సీటీ స్కాన్ కలిపి ఒక ప్రోటోటైప్ కట్టారు. నాలుగు మార్కర్లతో రిజిస్ట్రేషన్ (సీటీ బొమ్మను అసలు వస్తువుతో జతకలపడం) చేస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ 0.6 మి.మీ. అంటోంది. ఫాంటమ్‌లో, అంటే శరీరానికి బదులు పరీక్షకు వాడే నమూనాలో, డ్రిల్ చేసి చూస్తే రంధ్రం 3 మి.మీ. పక్కన పడింది. ఇంతకన్నా ఖరీదైన ట్రాకర్ కొనాలా అని అడుగుతున్నారు.

కొనకండి. ట్రాకర్ కెమెరా పొరపాటు మామూలుగా మిల్లీమీటరులో పావు వంతుకు మించదు. కాకపోతే స్విచ్ వేసిన వెంటనే కొలతలు తీసుకోకుండా, తయారీదారు చెప్పినంత సేపు వేడెక్కనివ్వాలి.

ముందు ఆ 0.6 సంగతి చూద్దాం. సీటీలోని నాలుగు మార్కర్లను, పాయింటర్‌తో (ట్రాకర్ గుర్తించే మొనగల కడ్డీతో) తాకిన నాలుగు బిందువులను ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టాక మిగిలిన ఎడం అది. డ్రిల్ దిగే చోట ఎంత తప్పు ఉందో దానికి తెలియదు. నాలుగు మార్కర్లకు 0.6 మిగిలిందంటే, ఒక్కో మార్కర్‌ను గుర్తించడంలోనే సగటున 0.85 మి.మీ. తప్పు ఉండి ఉంటుంది. మార్కర్ల గుంపు సరిగ్గా మధ్యలో ఆ ప్రభావం 0.4 దాకా తగ్గుతుంది. కానీ మార్కర్లు తమ మధ్యబిందువు చుట్టూ 40 మి.మీ. మేర మాత్రమే పరుచుకుని, టార్గెట్, అంటే డ్రిల్ దిగాల్సిన చోటు, 120 మి.మీ. దూరంలో ఉంటే అదే తప్పు 1.1 దాకా పెరుగుతుంది. మార్కర్లు ఒకే గీత మీదకు వచ్చే కొద్దీ ఇంకా ఘోరం. అందుకే మార్కర్లు టార్గెట్‌ను చుట్టుముట్టి ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది దాకా ఉండాలి. ఇంకో మాట. ఎర్రర్ ఎక్కువ చూపిస్తోందని ఒక మార్కర్‌ను లెక్కలోంచి తీసేస్తే 0.6 కాస్తా 0.3 అవుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ, చాలాసార్లు టార్గెట్ దగ్గర తప్పు పెరుగుతుంది.

ఇక తప్పు ఏ మెట్టు దగ్గర ఉందో విడదీయాలి. దానికి ఫాంటమ్‌లో, రిజిస్ట్రేషన్‌కు వాడని చిన్న శంకువు ఆకారపు గుంటలు పది పన్నెండు ఉండాలి. మొదట రోబోను పక్కన పెట్టి, పాయింటర్‌తోనే ఆ గుంటలను తాకండి. తేడా అక్కడే కనిపిస్తే తప్పు సీటీలోనో, పాయింటర్‌లోనో, రిజిస్ట్రేషన్‌లోనో ఉంది. అక్కడ బాగుంటే, రోబోతో, డ్రిల్‌కు దారి చూపే గైడ్ గొట్టాన్ని టార్గెట్ దగ్గరకు తెప్పించి, డ్రిల్ చేయకుండా కొలవండి. అదీ బాగుంటే దోషం డ్రిల్‌ది. ప్రతి మెట్టులోనూ ఒకే టార్గెట్‌ను కనీసం పదిసార్లు కొలవాలి. పదీ ఒకే వైపుకు జరిగితే కాలిబ్రేషన్ (పరికరాల కొలతలను ముందుగా సరిచేసుకోవడం) తప్పు. చుట్టూ చెల్లాచెదురుగా పడితే ఎక్కడో ఏదో వదులుగా ఉంది. మార్కర్ల నుంచి దూరం పోయే కొద్దీ పెరిగితే రిజిస్ట్రేషన్. చేయి భంగిమ మార్చినప్పుడల్లా దిశ మారితే రోబో వైపు చూడాలి.

సీటీలో ఎక్కువగా దొరికే దొంగ అర వోక్సెల్ (వోక్సెల్ అంటే త్రీడీ బొమ్మలోని అతి చిన్న గడి). డైకామ్ (వైద్య స్కాన్‌లు దాచే ప్రామాణిక రూపం) ఫైలులో రాసి ఉండే స్థానం మొదటి వోక్సెల్ మధ్యబిందువుది, దాని మూలది కాదు. మీ కోడ్ మూల అనుకుంటే, 1 మి.మీ. స్లైసులతో తీసిన స్కాన్‌లో ప్రతి టార్గెట్ అర మిల్లీమీటరు జరుగుతుంది. తర్వాత అక్షాల దిశ. డైకామ్‌లో ధన దిశలు రోగి ఎడమకు, వెనక్కు, తలవైపుకు ఉంటాయి. వైద్య చిత్రాల సాఫ్ట్‌వేర్ త్రీడీ స్లైసర్ లోపల మాత్రం కుడికి, ముందుకు, తలవైపుకు. మార్పిడిలో ఒక్క అక్షం గుర్తు మరిచినా బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఫాంటమ్ రెండు వైపులా ఒకేలా ఉంటే అది ఎవరి కంటా పడదు. అందుకే ఫాంటమ్‌ను కావాలనే కుడి ఎడమలు వేరుగా ఉండేలా చేయాలి. స్లైస్ మందం 1 మి.మీ. దాటనివ్వకండి. 3 మి.మీ. స్లైసుల్లో మార్కర్ మధ్యబిందువు నిలువు దిశలో నమ్మదగ్గట్టు దొరకదు.

పాయింటర్ మొన కాలిబ్రేషన్ అందరికీ తెలిసిన పనే, అయినా సగం మంది తప్పు చేసేది ఇక్కడే. మొనను గుంటలో ఆనించి, కదలకుండా పట్టుకుని, పిడిని చుట్టూ తిప్పాలి. 10 డిగ్రీలు అటూ ఇటూ ఊపితే చాలదు. నిలువు నుంచి 30 డిగ్రీలు అన్ని వైపులా వంచి, ఓ 500 నమూనాలు తీసుకోండి. కోణం తక్కువైతే శేషం (లెక్కలో మిగిలే తేడా) చిన్నగానే కనబడుతుంది కానీ, మొన పొడవు దిశలో ఎక్కడుందో లెక్కకు అందదు. మొన ఆకారానికి గుంట సరిపోవాలి. గుండ్రటి మొనను చదును గుంటలో పెడితే అది దొర్లుతూనే ఉంటుంది. పైగా ఈ పద్ధతి మొన స్థానాన్నే ఇస్తుంది, డ్రిల్ అక్షం దిశను ఇవ్వదు. దిశను వేరుగా కాలిబ్రేట్ చేయాలి, ఎందుకంటే అర డిగ్రీ తప్పు 200 మి.మీ. దూరంలో 1.75 మి.మీ. అవుతుంది.

రిఫరెన్స్ ఫ్రేమ్‌కూ, అంటే ఫాంటమ్‌కో ఎముకకో బిగించే, ట్రాకర్‌కు కనిపించే గోళాలున్న చట్రానికీ, ఇదే సూత్రం. గోళాల మధ్య ఎడం 50 మి.మీ. ఉంటే, ఒక గోళం 0.25 మి.మీ. తప్పుగా కనబడినా ఫ్రేమ్ దాదాపు 0.3 డిగ్రీలు తిరిగినట్టు లెక్కవుతుంది. 200 మి.మీ. అవతల అదే 1 మి.మీ. ఫ్రేమ్‌ను టార్గెట్‌కు దగ్గరగా, వీలైనంత పెద్దదిగా పెట్టండి. గోళాలను వట్టి చేత్తో ముట్టుకోకండి. వేలిముద్ర, నీటి చుక్క, నెత్తుటి మరక, ఏది అంటినా కెమెరాకు కనిపించే మధ్యబిందువు జరుగుతుంది.

రోబో దగ్గర పెద్ద అపోహ ఒకటుంది. స్పెసిఫికేషన్‌లో రాసే ±0.1 మి.మీ. పునరావృత్తి కొలత, అంటే మళ్లీ మళ్లీ అదే చోటికి రావడం. చెప్పిన చోటికే వస్తుందన్న హామీ కాదు. చెప్పిన బిందువుకు చేరడంలో తప్పు దానికి కొన్ని రెట్లు ఉండొచ్చు. రోబోకు, దాని చేతికి బిగించిన మార్కర్‌కు మధ్య సంబంధం లెక్కగట్టే హ్యాండ్-ఐ కాలిబ్రేషన్‌లో చేతిని ఒకే అక్షం చుట్టూ తిప్పి నమూనాలు తీస్తే, ఆ అక్షం పొడవునా స్థానం అసలు తేలదు. గణితం ప్రకారం సమాంతరం కాని అక్షాల చుట్టూ రెండు తిప్పుళ్లు చాలు. పనిలో మాత్రం 15 నుంచి 20 భంగిమలు, మణికట్టును మూడు దిశల్లోనూ బాగా తిప్పుతూ తీసుకోవాలి. ఇంతా చేసి దాన్ని గుడ్డిగా నమ్మడం కన్నా మేలైన దారి ఉంది. రోబో ఆగాక గైడ్ గొట్టం ఎక్కడుందో ట్రాకర్‌తోనే చూసి, మిగిలిన తేడాను కమాండ్‌గా పంపండి. రెండు మూడు విడతల్లో 0.2 మి.మీ. లోపలికి వస్తుంది. అప్పుడు రోబో సొంత తప్పుతో పనే ఉండదు. గైడ్ గొట్టానికే గట్టిగా బిగించిన మార్కర్ ఉండాలన్నది ఒక్కటే షరతు.

అన్నీ సరిచూశాక కూడా రంధ్రం పక్కకు పోతే అది జారుడు. వెన్నుపూస వెనక ఎముక వాలుగా, నున్నగా ఉంటుంది. డ్రిల్ మొన కొరికేలోపే వాలు వెంట జారుతుంది, స్క్రీన్ మీద మాత్రం గీత నిటారుగానే ఉంటుంది. గైడ్ గొట్టం అంచు ఎముకకు ఆనేలా దించండి, ముందు చిన్న బర్‌తో (ఎముకను చెక్కే తిరిగే మొనతో) గుంట చేయండి, నొక్కే బలం తగ్గించి వేగం పెంచండి. ఆసరా లేకుండా బయటికి ఉన్న డ్రిల్ పొడవు సగమైతే వంగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గొట్టానికి డ్రిల్‌కు మధ్య వదులు కూడా కొలవండి. 40 మి.మీ. గొట్టంలో 0.2 మి.మీ. వదులుంటే, 100 మి.మీ. అవతల మొన అర మిల్లీమీటరు పక్కకు పోతుంది. మీరు చెప్పిన 3 మి.మీ.లో జారుడు వాటాయే ఎక్కువని నా అంచనా, మెత్తటి ఫోమ్ ఫాంటమ్ అయితే తప్ప. ఫోమ్‌లో జారుడు కనబడదు, ఎముకకు వెళ్లాక బయటపడుతుంది.

ట్రాకర్ చూసిన క్షణం నుంచి రోబో స్పందించే దాకా పట్టే ఆలస్యం గురించి కూడా అడిగారు. ఫాంటమ్ కదలనప్పుడు దాని పాత్ర లేదు. ఊపిరికి కదిలే శరీరం మీదకు వెళ్లాక, మొత్తం ఆలస్యం 50 మిల్లీసెకన్లు, కదలిక సెకనుకు 20 మి.మీ. అయితే 1 మి.మీ. వెనకబాటు వస్తుంది. అప్పుడు చూసుకోవచ్చు.

1992లో రోబోడాక్ అనే శస్త్రచికిత్స రోబోను మొదటిసారి మనిషి తుంటి శస్త్రచికిత్సకు వాడినప్పుడు సీటీకి ముందే తొడ ఎముకలోకి పిన్నులు దించేవారు, ఎముక కదిలితే యంత్రం ఆగిపోయేది. రోగికి అదనపు గాయమే, కానీ చర్మం మీది స్టిక్కర్లు చర్మంతో పాటు జరుగుతాయి కదా. మీది వెన్నెముక కాబట్టి రిఫరెన్స్‌ను ఎముకకే బిగించండి. ఫ్రేమ్ బిగించాక దగ్గర్లోని ఎముక మీద ఒక చిన్న గుంట చేసి దాని స్థానం నమోదు చేసుకోండి. ప్రతి స్క్రూకు ముందు పాయింటర్‌తో దాన్ని తాకాలి. 1 మి.మీ. మించి తేడా వస్తే ఎవరో ఫ్రేమ్‌కు తగిలారన్నమాట, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయాల్సిందే.