డక్టులో ఫ్యాన్ శబ్దం కొలిచేటప్పుడు రీడింగ్ ఎందుకు నిలవదు?

రాయగడ దగ్గర మీ రైస్ మిల్లులో దుమ్ము లాగే ఫ్యాన్ డక్టుకి (గాలి వెళ్లే గొట్టానికి) రంధ్రం పెట్టి శబ్దం కొలిచే మీటర్ దూర్చితే అంకె ఒక్కచోట నిలవడం లేదని, పక్క వీధివాళ్లు రాత్రి నిద్ర పట్టడం లేదంటున్నారని రాశారు. గుణుపురం వైపు మిల్లుల్లో ఇలాంటి ఫ్యాన్ల పని చాలాకాలం చూశాను. మీ మీటర్ పాడవలేదు. డక్టులో గాలి సుడులు తిరుగుతూ మైకును కొడతాయి, మీటర్ దాన్నీ శబ్దం కిందే లెక్కేస్తుంది.

ఫ్యాన్ ఆపి మళ్లీ కొలిచి ఆ గాలి శబ్దాన్ని లెక్కలోంచి తీసేద్దామనుకుంటే కుదరదు. ఫ్యాన్ ఆగితే గాలీ ఆగిపోతుంది. అందుకే డక్టు లోపలి కొలతకు రాసిన ఐఎస్ఓ 5136 ప్రమాణంలో మైకుకు సన్నని చీలిక ఉన్న పొడవాటి గొట్టం తొడుగుతారు. శబ్దం తిరిగి రాకుండా డక్టు చివర ప్రత్యేకమైన అమరిక కూడా ఉంటుంది. అది ల్యాబ్ పని. మిల్లులో డక్టు నోటి దగ్గర తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం చాలావరకు వెనక్కి మళ్లుతుంది, కాబట్టి మైకు జరిపిన కొద్దీ అంకె మారుతుంది.

నేను నమ్మేది ఒక్క మొత్తం అంకెను కాదు, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో విడివిడిగా చూపే స్పెక్ట్రమ్‌ను. ఫ్యాన్ రెక్కల సంఖ్యను నిమిషానికి అది తిరిగే చుట్లతో, అంటే ఆర్‌పీఎంతో గుణించి 60తో భాగించండి, ఫ్యాన్ శబ్దం వచ్చే ఫ్రీక్వెన్సీ తెలుస్తుంది. 12 రెక్కలు, 1200 ఆర్‌పీఎం అయితే 240 హెర్ట్జ్. అక్కడా, దానికి రెట్టింపైన 480 దగ్గరా సూదిలా లేచిన శిఖరం ఫ్యాన్‌ది. కింది ఫ్రీక్వెన్సీల్లో పరుచుకున్న గుబురు చాలావరకు గాలిది. ఈ పరిశీలనకు మీటర్లో ఎ వెయిటింగ్ (చెవికి వినిపించే తీరుకు దగ్గరగా రీడింగును సవరించే సెట్టింగ్) తీసేయండి, అది 250 హెర్ట్జ్ దగ్గర 8.6 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది.

మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ ఉంటే వేగం 20 శాతం తగ్గించి చూడండి, నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఫ్యాన్ శిఖరం 192కి జరుగుతుంది, డక్టు సొంత మోత ఉన్నచోటే ఉంటుంది. మొత్తం శబ్దం కూడా సుమారు 5 డెసిబెల్స్ తగ్గాలి. గాలి సరిపోతే అదే వేగంలో నడపండి, ఆ వీధివాళ్లకు వెంటనే కాస్త ఊరట.

ఫిర్యాదు విషయానికి మాత్రం డక్టు లోపలి అంకె పనికిరాదు. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. ఆ ఇంటి ముందు, మైకుకు స్పాంజి బంతి తొడిగి, ఎ వెయిటింగ్‌లో ఫ్యాన్ నడుస్తుండగా ఒకసారి, ఆపి ఒకసారి కొలవండి. తేడా 10 డెసిబెల్స్ దాటితే ఆ రీడింగ్ దాదాపు మొత్తం మీ ఫ్యాన్‌దే.