ఇరవై పడకల ఆసుపత్రికి ఓపెన్ సోర్స్ రికార్డుల సాఫ్ట్‌వేర్ సరిపోతుందా?

నంద్యాలలో మీ అన్నయ్యగారి ఇరవై పడకల ఆసుపత్రికి రోగుల రికార్డులు కంప్యూటర్‌లో పెట్టాలి, లైసెన్సు ఖర్చు ఉండకూడదు, ఓపెన్ సోర్స్ అంటే రోగుల వివరాలు బయటికి పొక్కుతాయేమోనని భయం. మీ ప్రశ్న ఇదే కదా. ఆదోనిలో దాదాపు అంతే ఉన్న ఆసుపత్రిలో కంప్యూటర్ల పని నేను చూస్తాను. మా దగ్గర బామ్ని అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది.

భయం అక్కర్లేదు. అందరికీ కనబడేది ప్రోగ్రాము రాత మాత్రమే, రోగుల వివరాలు మీ సర్వరులోనే ఉంటాయి. నిజానికి భయపడాల్సింది సిబ్బంది అంతా ఒకే పాస్‌వర్డు వాడుతూ దాన్ని కౌంటర్ గోడకు అంటించుకునే అలవాటుకు.

ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ 2004లో మొదలైంది, తొలి రోజుల్లో కెన్యాలో హెచ్‌ఐవీ రోగుల వైద్యానికి పనికొచ్చింది. దానికి ల్యాబ్ కోసం ఓపెన్‌ఎలిస్‌ను, బిల్లులకూ మందుల నిల్వకూ ఓడూను జోడిస్తే బామ్ని. ఛత్తీస్‌గఢ్‌లో గనియారీలోని జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరాల కోసం థాట్‌వర్క్స్ వాళ్లు దీన్ని తయారుచేశారు. పడకలు, ల్యాబ్, మందుల షాపు మూడూ ఉన్నాయి కాబట్టి మీకు నా ఓటు దీనికే. ఒక్క డాక్టరు చూసే క్లినిక్ అయితే ఓపెన్‌ఈఎంఆర్ అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చాలు. కాకపోతే అందులో అమెరికా బీమా బిల్లుల తెరలు మనకు అడ్డం.

అసలు కష్టం రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఉంది. ఉరుకుంద ఈరన్న స్వామి దయవల్ల మాకు ప్రతి ఊళ్లోనూ ఈరన్న పేరున్నవాళ్లే. మీకు మద్దిలేటిలు ఉంటారు. ఆధార్‌లో ఒక ఇంగ్లీషు స్పెల్లింగు, రేషన్ కార్డులో మరొకటి. పంట పని లేనప్పుడు గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లిన మనిషి నెలల తర్వాత తిరిగొచ్చేసరికి ఫోను నంబరు మారి ఉంటుంది, పాత కాగితాలు ఉండవు. కౌంటర్‌లో అమ్మాయి వెతుకుతుంది, దొరకదు, వెనక వరుస పెరుగుతుంటే కొత్త నంబరు ఇచ్చేస్తుంది. షుగరు రోగికి రెండు చరిత్రలు తయారవుతాయి. అందుకే మేము పేరుతో పాటు తండ్రి లేదా భర్త పేరు, ఊరు తప్పనిసరి చేశాం. బార్‌కోడుతో కార్డు ఇస్తాం. రెండు రికార్డులను కలిపే సదుపాయం ఉంది గానీ, కలిపాక విడదీయడం దాదాపు కుదరదు. ఆ అధికారం ఒక్కరికే ఇవ్వండి. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు వయసు వేస్తే, అది అంచనా అని సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుంటుంది. ఆధార్‌లో జనవరి 1 అని ఉన్నంత మాత్రాన దాన్ని నమ్మి ఎక్కించకండి.

రెండోది, పరీక్షల పేర్లు. బామ్నిలో ప్రతి పరీక్షకూ, ప్రతి లక్షణానికీ దాని నిఘంటువులో ఒక పద్దు ఉంటుంది. ఒక ఆసుపత్రిలో చూశాను, రక్తంలో షుగర్ చూసే ఒకే పరీక్షకు వార్డులో జీఆర్‌బీఎస్ అని ఒక పద్దు, ఓపీలో షుగర్ అని ఇంకొకటి. డాక్టరు గ్రాఫు తెరిస్తే సగం విలువలే కనబడ్డాయి. సొంతంగా పద్దులు సృష్టించకుండా సీఐఈఎల్ అనే సిద్ధంగా ఉన్న నిఘంటువుతో మొదలుపెట్టండి. ల్యాబ్ టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కొలమానాలు సరిచూడండి.

డాక్టర్ల చేత మొదటి రోజు నుంచే టైపు చేయించాలని పట్టుబట్టకండి, అంతా ఆగిపోతుంది. ముందు రిజిస్ట్రేషన్, ల్యాబ్ నడవనివ్వండి. రిపోర్టులు తమ ముందున్న తెర మీద కనబడటం మొదలయ్యాక వాళ్లే మందుల చీటీ కూడా అందులో రాస్తామంటారు. మా పెద్ద డాక్టరుగారు మాత్రం ఇప్పటికీ చేత్తోనే రాస్తారు, సిస్టరు ఎక్కిస్తుంది.

సర్వరు ఆసుపత్రిలోనే ఉంటే ఇంటర్నెట్ లేకున్నా పని ఆగదు, కానీ యూపీఎస్ కావాలి. బ్యాకప్ రోజూ తీసి ఆసుపత్రి బయట ఉంచండి, అప్పుడప్పుడు దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఆభా అనే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా పద్నాలుగు అంకెల నంబరును బామ్నిలో కలపవచ్చు, అది రెండో దశలో పెట్టుకోండి.

లైసెన్సుకు మిగిలే డబ్బును ఈ పని చూసే మనిషి జీతానికి పక్కన పెట్టమని అన్నయ్యగారికి ఇప్పుడే చెప్పండి. ఆ మనిషి దొరక్కపోతే, నెలకింత అని తీసుకునే మామూలు సాఫ్ట్‌వేరే మీకు చవక.