1934లో అమెరికా లోహపు విమానాలు చేస్తుంటే బ్రిటన్ డ్రాగన్ రపీడ్ అనే ప్రయాణికుల విమానాన్ని చెక్కతో, రెండు జతల రెక్కలతో ఎందుకు చేసింది?

వాళ్ళకి చేతకాక కాదు. అది దిగాల్సిన చోట్లు వేరు, కొనేవాళ్ళ స్తోమతు వేరు.

అదే ఏడాది అమెరికాలో లాక్‌హీడ్ ఎలెక్ట్రా ఎగిరింది. ఒళ్ళంతా లోహం, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, పదిమంది పడతారు. కానీ దానికి 450 హార్స్‌పవర్ ఇంజన్లు రెండు కావాలి. బ్రిటన్‌లోని డీ హావిలాండ్ కంపెనీలో ఆర్థర్ హాగ్ రూపొందించిన రపీడ్ 200 హార్స్‌పవర్ జిప్సీ సిక్స్ ఇంజన్లు రెండింటితోనే ఎనిమిదిమంది దాకా మోసేది. వేగం గంటకు సుమారు 210 కిలోమీటర్లు, ఎలెక్ట్రాది 300. దగ్గరి ఊళ్ళకీ దీవులకీ తిప్పుకునే చిన్న కంపెనీకి ఆ తేడాతో పనేముంది? పెట్రోలు ఖర్చే అసలు లెక్క. రపీడ్‌ని ముందుగా కొన్నవాళ్ళలో ఒకరైన ఎడ్వర్డ్ హిల్‌మన్ బస్సుల వ్యాపారంలోంచి వచ్చినవాడే మరి!

రెండు జతల రెక్కలు, వాటి మధ్య కర్రలూ తీగలూ గాలికి అడ్డం పడతాయి, నిజమే. అయితే వేగం తక్కువున్నా విమానాన్ని గాలిలో నిలబెడతాయి. అప్పట్లో చాలాచోట్ల రన్‌వే అంటే గడ్డి మైదానమే. ఇంజన్లో సిలిండర్లు తలకిందులుగా వేలాడతాయి కాబట్టి ప్రొపెల్లర్ ఇరుసు ఎత్తులో ఉంటుంది, దాని ఆకులు గడ్డికి తగలవు. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇదే.

కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో టికెట్ కొని దీన్నెక్కాను. తోక నేలమీద ఆనుకుని ఉంటుంది, అందుకని వెనక తలుపులోంచి ఎక్కి సీటు దాకా ఎగువకు నడవాలి. నడవాకి అటొకటి ఇటొకటి సీట్లు, అందరికీ కిటికీ దక్కుతుంది. ముక్కులో పైలట్ ఒక్కడే, పక్కన ఇంకొకరికి చోటే లేదు. స్ప్రూస్ కర్ర, ప్లైవుడ్‌తో చేసిన పెట్టె మీద బిగించి రంగేసిన గుడ్డ, వేలితో తడితే డప్పులా పలికింది. మోత మాత్రం భరించాలి, పక్కవాళ్ళతో మాట్లాడాలంటే అరవాల్సిందే.

ఇలాంటివి 700కి పైగా తయారయ్యాయి, చాలావరకు రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం కోసం, డొమినీ పేరుతో. లోహపు విమానాలు రాజ్యమేలుతున్న 1964 దాకా ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న సిలీ దీవులకి బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ ఇవే నడిపింది. హెలికాప్టర్లొచ్చాకే మానేసింది.

మీరెక్కితే వెనక సీటు అడగండి. ముందు కూర్చుంటే కింది రెక్క అడ్డొచ్చి ఊళ్ళు సగమే కనబడతాయి.